అత్తమ్మ ఏమీ అడగలేదు

మా పాపకు రెండున్నరేళ్లు వచ్చేదాకా, అది మాట్లాడకపోవడం మాకు పెద్ద విషయంగా తోచలేదు. మా ఆయన కూడా మూడేళ్లు దాటాకే నోరు విప్పాడని వాళ్ల ఊళ్లో అందరూ చెప్పేవాళ్లు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మది గుంటూరు వైపు. చంపాపేట్‌కు వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆమె మాట మాత్రం మారలేదు. "కొంతమంది పిల్లలకి మాటలు ఆలస్యం అవుతాయమ్మా, వచ్చేస్తాయిలే, బెంగ పెట్టుకోకు" అనేది. నేనూ బెంగ పెట్టుకోలేదు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి తెలుగు చెప్తాను. రోజంతా ఆ పిల్లల గోల విని ఇంటికి వస్తే, మూల కూర్చుని తన పాటికి తాను ఆడుకునే పాప నాకు హాయిగా అనిపించేది. ఎంత బుద్ధిమంతురాలో అని పదిమందికి చెప్పుకున్నాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పగలంతా పాపను చూసుకునేది మా అత్తమ్మే. పోచంపల్లి దగ్గర ఊరు ఆమెది. పెళ్లయిన నాటి నుంచి ఆసు పోసింది. చీర నేయడానికి ముందు పట్టుదారాన్ని చెక్క మేకుల చుట్టూ వేలసార్లు తిప్పాలి. మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటే ఆడవాళ్లు చేసే పని అది. ఆ తిప్పుడుకు కుడి భుజం అరిగిపోయి, చెయ్యి పూర్తిగా పైకి లేవదు. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. చదువు రాదు. ఒంటరిగా బస్సెక్కడమంటే భయం. వంటింటి గూట్లో ఊరి నుంచి తెచ్చుకున్న యాదగిరిగుట్ట నరసింహస్వామి పటం పెట్టుకుంది. పొద్దున్నే ఆ పటం ముందు నిలబడి, పక్కింటామెతో మాట్లాడినట్టు చిన్నగా ఏదో మాట్లాడేది. శ్లోకాలు, మంత్రాలు ఏమీ ఉండేవి కావు.

పాప సంగతి ముందు కనిపెట్టింది ఆమే.

ఆ రోజు బోనాల ఆదివారం. నాకు సెలవు. మధ్యాహ్నం మా గల్లీలోంచి ఊరేగింపు పోతోంది. గేటు ముందుకు వచ్చేసరికి డప్పుల మోతకు వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. నేను పరుగెత్తి గుమ్మంలో నిలబడ్డాను. పాప నా వెనక హాల్లో, వీధికి వీపు పెట్టి, బట్టల క్లిప్పులను ఒకదానికొకటి తగిలిస్తూ రైలు చేస్తోంది. కాసేపటికి క్లిప్పులు పక్కన పెట్టి, అరచేతిని నేల మీద ఆనించి, నేల వైపే వింతగా చూసింది. వీధి వైపు మాత్రం తల తిప్పలేదు.

అత్తమ్మ అది చూసింది. ఊరేగింపు పోయేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"బిడ్డా, ఏమనుకోకు. పిల్లకు ఇనవడ్తలేదు."

"ఏం మాట్లాడుతుండ్రు అత్తమ్మా? ఆటల ఉండి చూడలే. అంతే."

"గంత డప్పుకు చూడలే. భూమి అదిరితె చెయ్యి వెట్టి చూసింది. నేను శాన దినాల సంది చూస్తున్న. చెప్పనీకె నాకే ధైర్యం రాలే."

నాకు కోపం వచ్చింది. "ఊకెనే అందరిని పరేషాన్ చేయకుండ్రి" అని గట్టిగా అనేశాను. ఆమె పోయి పాప పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల షాపు నుంచి డ్యూటీ దిగి వచ్చాక సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు, కాదనలేదు. నెమ్మదిగా లేచి పాప వెనకకు వెళ్లి ఒకసారి చప్పట్లు కొట్టాడు. పాప క్లిప్పులతో ఆడుకుంటూనే ఉంది. ఇంకోసారి కొట్టాడు. తర్వాత చేతులు కిందికి వదిలేసి అలాగే నిలబడ్డాడు.

ఆ వారమే చెవి డాక్టరు దగ్గరికి పోయాం. పాపకు నిద్రమందు తాగించి, తలకు వైర్లు అంటించి గంటసేపు పరీక్ష చేశారు. రిపోర్టులో అన్నీ గీతలే. డాక్టరమ్మ పెన్నుతో ఆ గీతలు చూపిస్తూ, రెండు చెవుల్లోనూ వినికిడి దాదాపు లేదనీ, పుట్టుకతోనే వచ్చిన లోపమనీ చెప్పింది. ముందు మూడు నెలలు చెవి మిషన్లు పెట్టి చూద్దామంది. పని చేయకపోతే లోపల పరికరం అమర్చే ఆపరేషన్ చేయాలి. "ఇప్పటికే కొంత ఆలస్యమైంది. ఇంకా ఆలస్యం చేయొద్దు" అంది. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం నన్నే దోషిగా నిలబెట్టినట్టు వినిపించింది. రెండున్నరేళ్లుగా జోల పాడాను, కథలు చెప్పాను, బంగారమా అని పిలిచాను. ఒక్కటీ దానికి చేరలేదు.

ఆ మూడు నెలలు నేను అడగని దేవుడు లేడు. గురువారం ఒక గుడి, శనివారం ఒక గుడి. ఉపవాసాలున్నాను. నడిచి వస్తానని గుట్టకు మొక్కుకున్నాను. చెవి మిషన్లు పెట్టుకుని పాప ఏ కొంచెం తల తిప్పినా, విన్నదని సంబరపడి మా ఆయనకు ఫోన్ చేసేదాన్ని. నిజానికి అది ఫ్యాను నీడ చూసి తిప్పేది. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేసి, మిషన్లతో లాభం లేదు, ఆపరేషన్ తప్పదన్నారు. స్కానింగులు, టీకాలు, కాగితాలు అన్నీ అయి, ఒక సోమవారానికి తారీఖు ఖాయమైంది.

ఆదివారం పొద్దున పాపకు జలుబు చేసి ఒళ్లు కాలింది. అయినా సోమవారం తీసుకెళ్లాం. మత్తు డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "కఫం ఉందమ్మా. ఈ స్థితిలో మత్తివ్వడం మంచిది కాదు. పూర్తిగా తగ్గాక మూడు వారాలకు రండి" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. కానీ ఆ మూడు వారాలు నాకు మూడేళ్లలా అనిపించాయి. ఆటోలో ఇంటికి వస్తుంటే పాప నా ఒళ్లో వేడిగా, నిశ్శబ్దంగా పడుకుంది.

ఇంట్లో అడుగు పెట్టగానే నేరుగా వంటింట్లోకి పోయి, గూట్లో పటాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను. చెప్పులు కూడా విడవలేదు.

అత్తమ్మ వెనకే వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. పటం జోలికి పోకుండా, చాటలో చిక్కుడుకాయలు వేసుకుని కింద కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి నేనే అన్నాను.

"మీరు రోజూ మొక్కుతరు కదా అత్తమ్మా. ఏమొచ్చింది?"

"నేను మొక్కలే."

"మరి పొద్దుగాల పొద్దుగాల ఆడ నిలవడి ఏం చేస్తరు?"

"చెప్తా."

"ఏమని?"

"మా పిల్లకు ఇనవడ్తలేదు, నా కోడలు తింటలేదు, నాకు భయమైతున్నది. గంతే."

"మంచిగ చెయ్యమని అడగరా?"

ఆమె చేతిలో కాయను చాటలో వేసి, నన్ను కూర్చోమన్నట్టు నేల మీద తట్టింది. కూర్చున్నాను. అప్పుడు చెప్పింది, నా పెళ్లయిన ఆరేళ్లలో ఒక్కసారీ ఎత్తని సంగతి.

మా ఆయన కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఏడాదిన్నర వయసులో జ్వరమొచ్చి తగ్గలేదు. పిల్లను చీరకొంగులో చుట్టుకుని భువనగిరి దవాఖానకు బస్సులో తీసుకుపోయింది.

"బస్సు పొడుగూత అడిగిన బిడ్డా. నా పాణం తీస్కో, దీన్ని ఉంచు అన్న. నిలువెత్తు బెల్లం ఇస్తనన్న. గుండు కొట్టిచ్చుకుంటనన్న. దవాఖాన మెట్లు ఎక్కుతుంటెనే పాణం పోయింది."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. "మరి ఎట్ల నమ్ముతుండ్రు అత్తమ్మా?"

"శాన దినాలు నమ్మలే. నీ లెక్కనే పటం తీసి బట్టల సందుగల వెట్టిన. కూడు తినలే, స్నానం చెయ్యలే. ఆసు కాడ కూసుంటె చెయ్యి కదలకపోతుండె. మా పక్కింట్ల ఒకామె ఉండె. నీళ్ల కాడ కొట్లాడుకుని రెండేండ్ల సంది ఆమెకు నాకు మాటల్లేవు. ఒకనాడు పొద్దుగాల నూనెగిన్నె పట్టుకొని ఒచ్చింది. నా ఎనుక కూసోని తలకు నూనె వెట్టి చిక్కు తీసింది. అన్నం కలిపి ముద్ద నోట్లె వెట్టింది. ఏడవకు అనలే, దేవుని ఇష్టం అనలే. ఏం అనలే. మల్ల తెల్లారి ఒచ్చింది. నెల దినాలు అట్లనే ఒచ్చింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోలేదు. ఏడుపు కూడా లేదు. ఎప్పుడో ఏడ్చేసిన మాటలు అవి.

"నా పిల్లను ఎందుకు తీస్కపోయిండో నాకు తెల్వది. తెల్సు అంటె అబద్ధమైతది. గాని నాతోని మాట్లాడని మనిషికి నా మీద గంత జాలి ఏడికెల్లి ఒచ్చింది? అది ఆయన జాలే అనుకున్న. అడిగింది ఇయ్యలే. గట్లని నన్ను ఇడిసిపెట్టి పోలే. గంతే నాకు ఎరుక. గప్పటి సంది అడుగుడు బంద్ చేసిన. చెప్పుడే. ఆయన ఇంటడు."

చిక్కుడుకాయలు అయిపోయాయి. చాట తీసుకుని లేస్తూ, "పటం నువ్వే తిప్పినవ్. నీకు అనిపిచ్చినప్పుడు నువ్వే తిప్పు. ఆయనకేం తొందర లేదు" అంది.

ఆ మాటలతో నా మనసు వెంటనే కుదుటపడిందని రాస్తే అది నిజం కాదు. పిల్లను పోగొట్టుకున్న తల్లి దేవుణ్ణి దయగలవాడంటే నాకు అర్థం కాలేదు. కొంచెం భయం కూడా వేసింది. అడిగినా ఇవ్వని దేవుడైతే రేపు ఆపరేషన్ గదిలో ఏమవుతుంది? రెండు రోజులు పటం అలాగే ఉంది. అత్తమ్మ పొద్దున్నే వచ్చి, ఆ పటం వీపు ముందే నిలబడి తన మాటలు తాను చెప్పుకుని పోయేది. అది చూసి మూడో రోజు నేనే తిప్పాను. ఆమె అలా వీపుతో మాట్లాడటం చూడలేకనే తిప్పాను, భక్తి పుట్టి కాదు.

బడిలో ఒక మధ్యాహ్నం పిల్లలు భోజనాలకు పోయాక, ఖాళీ తరగతిలో కూర్చుని నేనూ ప్రయత్నించాను. అడగడం అలవాటైన నోటికి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి మాటా "చెయ్యి స్వామీ" దగ్గరికే జారిపోయేది. చివరికి, "నాకు భయంగా ఉంది. దీనికి వినపడటం లేదని నేను కనిపెట్టలేకపోయాను. ఆ తప్పు నన్ను తినేస్తోంది" అన్నాను. మా ఆయనతో కూడా అనని మాట అది. అన్నాక చాలాసేపు ఏడ్చాను. భయం పోలేదు. కానీ దాన్ని ఒక్కదాన్నే మోస్తున్నానన్న భావం ఆ రోజు నుంచి కొంచెం తగ్గింది. సాయంత్రం ఇంటికి పోయి అదే మాట మా ఆయనకు చెప్పాను. ఆయన తల వంచుకుని, "నేను దాని ఎనుక చప్పట్లు కొట్టుడు ఆ దినం మొదలు గాదు. దానికి ఏడాది ఉన్నప్పటి సంది కొడుతున్న. నీకు చెప్పలే" అన్నాడు. ఇద్దరం ఒకే భయాన్ని ఒకరికొకరు కనపడకుండా దాచుకుని తిరిగామన్న మాట.

మూడు వారాల తర్వాత ఆపరేషన్ జరిగింది. పొద్దున ఏడింటికి నర్సు వచ్చి పాపను ఎత్తుకుంది. నేనిక్కడే ఉంటానని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అరచేయి దాని గుండె మీద పెట్టాను. అది నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. తలుపు మూసుకుంది. మూడు గంటలు మా ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగాడు. అత్తమ్మ బెంచీ మీద కూర్చుని పెదాలు కదుపుతూనే ఉంది. మధ్యలో ఒకసారి, "ఇప్పుడేం చెప్తుండ్రు?" అని అడిగాను. "నా కోడలు చేతులు సల్లగైనయ్ అని చెప్తున్న" అని నా చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. డాక్టరు బయటికి వచ్చి అంతా బాగా జరిగిందన్నాక కూడా ఆమె వెంటనే నా చేతులు వదల్లేదు.

గాయం మానాక చెవి వెనక మిషన్ తగిలించి మొదటిసారి శబ్దం ఇచ్చే రోజు వచ్చింది. పాప ముఖం విచ్చుకుంటుందని, నా వైపు చూసి నవ్వుతుందని ఎన్నోసార్లు ఊహించుకున్నాను. మా ఆయన ఫోన్‌లో వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. మిషన్ సెట్ చేసే ఆవిడ కంప్యూటర్‌లో ఏదో నొక్కింది. పాప బొమ్మను వదిలేసింది. ముఖం చిట్లించింది. పెదవి వణికింది. గట్టిగా ఏడుస్తూ పోయి నానమ్మ చీర కుచ్చిళ్లలో తల దూర్చింది. "ఏడిస్తే మంచిదేనమ్మా, విన్నదని అర్థం" అందా కంప్యూటర్ ముందున్న ఆవిడ. మా ఆయన వీడియో తీయడం మరిచిపోయాడు.

వినడం మొదలైంది కానీ ఆ విన్నదేంటో నేర్చుకోవాలి. దానికి దిల్‌సుఖ్‌నగర్‌లో మాటలు నేర్పే ఒక సెంటర్‌కు వారానికి నాలుగు రోజులు తీసుకుపోవాలి. నాకు బడి, ఆయనకు షాపు. "నేను తీస్కపోతా" అంది అత్తమ్మ. ఒంటరిగా బస్సెక్కని మనిషి. మొదటి రోజు నేను వెంట పోయి బస్సు నెంబరు చూపించాను. అంకెలు ఆమెకు రావు. ఆసు పోసేటప్పుడు దారం రంగులు గుర్తు పెట్టుకున్నట్టు బోర్డు రూపం గుర్తు పెట్టుకుంది. రెండో వారానికి కండక్టర్లంతా ఆమెకు తెలిసిపోయారు.

సెంటర్‌లో నేర్పే అమ్మాయిది రాజమండ్రి. ఇంట్లో రోజంతా పాపకు వస్తువులు చూపిస్తూ మాట్లాడమని చెప్పింది. అత్తమ్మకు అంతకంటే ఇష్టమైన పని లేదు. ఉల్లిగడ్డ చూపించి "గిది ఏంది?", చెంబు చూపించి "గిది ఏంది?", బల్లిని చూపించి "అగో, గది ఏంది?" పొద్దస్తమానం ఇదే. నేను తెలుగు టీచర్ని కదా, ఇంటికి రాగానే పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మ, అమ్మ" అని పెదాలు చూపిస్తూ నేర్పేదాన్ని. ఏడు నెలలు గడిచాయి. పాప తల తిప్పేది, పిలిస్తే వచ్చేది. మాట మాత్రం లేదు.

ఒక ఆదివారం పొద్దున ఓనరమ్మ మెట్లు దిగి వచ్చి పనసపండు ముక్కలు ఒక గిన్నెలో తెచ్చింది. పాప ఎప్పుడూ పనసపండు చూడలేదు. గిన్నెలోకి తొంగి చూసి, వేలు పెట్టి చూపించి, ఓనరమ్మ ముఖంలోకి చూసి స్పష్టంగా అడిగింది.

"ఏంది?"

అందరం బొమ్మల్లా ఉండిపోయాం. ఓనరమ్మే ముందు తేరుకుంది. "పనసపండు తల్లీ, పనసపండు" అంటూ కింద కూలబడి ఏడ్చేసింది. అత్తమ్మ నవ్వుతూ ముక్క తీసి దాని నోట్లో పెట్టింది. నేను నేర్పిన "అమ్మ" కంటే ముందు నానమ్మ నేర్పిన "ఏంది" వచ్చినందుకు ఒక్క క్షణం నాకు కుళ్లు కూడా పుట్టింది. తర్వాత సెంటర్‌లో ఆ అమ్మాయి, "ఏంటి అని కూడా అలవాటు చేయండి నానమ్మా" అంటే, "గదెట్ల? మా ఇంట్ల ఏందనే అంటం. ముందు ఇది గట్టిగ రానీ" అని ఒప్పుకోలేదట.

ఇప్పుడు పాప రెండో తరగతి. నా బడిలోనే. కొన్ని అక్షరాలు ఇంకా సరిగ్గా పలకవు. బస్సులో, పెళ్లిళ్లలో, గోలలో మాటలు అందక చిరాకు పడుతుంది. ఒకరిద్దరు పిల్లలు వెక్కిరించారని మొన్న ఏడ్చింది. నేను తిడితే మాత్రం చెవి వెనక మిషన్ తీసి చేతిలో పట్టుకుని, ఇంక నీ ఇష్టం అన్నట్టు నన్ను చూస్తుంది. కోపంలోనూ నవ్వొస్తుంది నాకు.

దేవుడు మా మొర విన్నాడని చాలామంది అంటారు. నేను తల ఊపుతాను. కానీ మా కంటే ఎక్కువ మొక్కి, ఫలితం దక్కని తల్లులు ఆ సెంటర్ వరండాలోనే నాకు తెలుసు. దయ అంటే మా పాపకు వినిపించడమే అయితే వాళ్ల సంగతేంటి? భయపడిన ప్రతి రోజూ ఎవరో ఒకరి చెయ్యి నా మీద ఉందని మాత్రం చెప్పగలను.

పోయిన వారం మీర్‌పేట్ నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. సెంటర్‌లో ఎవరో నా నెంబరు ఇచ్చారట. పదకొండు నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడికి వినికిడి పరీక్ష అయింది, రిపోర్టు ఇంకా రాలేదు. "అంతా మంచిగనే ఉంటది కదా అక్కా?" అని నాలుగుసార్లు అడిగింది. ఉంటదని అనలేకపోయాను. లేదని అనబుద్ధి కాలేదు. కూర్చోమని టీ పెట్టాను. పిల్లాణ్ణి అత్తమ్మ తన అరిగిన భుజం మీద వేసుకుని హాల్లో తిప్పింది. వాడి తల్లి ఇక అడగడం ఆపి చెప్పడం మొదలుపెట్టింది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన జ్వరం, అత్తింటివాళ్ల మాటలు, తను పడిన అనుమానం, అన్నీ. రెండు గంటలు చెప్పింది. మధ్యలో నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. పోయేటప్పుడు ముఖం కడుక్కుని, జడ వేసుకుని పోయింది.

రిపోర్టు ఈ శుక్రవారం వస్తుందట. రాగానే ఫోన్ చేస్తానంది. ఇవాళ గురువారం.